తోడికోడలి గుట్ట

మా తోడికోడలి గుట్ట పచ్చగా ఉంటే నాకు కడుపు మండింది. ఇందులో దాచుకోవడానికేముంది? ఆమె చిన్న కోడలు, నేను పెద్ద కోడలిని. ఆమె పొద్దంతా ఫోను చూసుకుంటూ కూర్చునే మనిషి. నేను చెరకు ఆకు కోసుకుని చేతులు గీరుకుపోయినా పని ఆపని దాన్ని. అయినా చెట్లు ఆమెకే లేచాయి.

మాది చందూర్ దగ్గర ఊరు. ఊరి వెనక గుట్టను కట్టెల కోసం కొట్టీ కొట్టీ, మేకల్ని తోలీ తోలీ బోడి చేసింది మేమే. బోర్లు అడుగంటి చెరకు ఎండడం మొదలయ్యాక గానీ బుద్ధి రాలేదు. గుడికి పోయేవాళ్లూ చర్చికి పోయేవాళ్లూ ఒకచోట కూర్చుని, గుట్ట మీదికి మేకలు తోలొద్దు, గొడ్డలి పట్టుకుపోవద్దు అని కట్టుబాటు చేసుకున్నారు. అటవీశాఖ వాళ్లు మొక్కలిచ్చారు. సున్నంతో గీతలు గీసి, గుట్టను ఇంటికో ముక్క చొప్పున పంచుకున్నాం. మాదీ మరిది వాళ్లదీ పక్కపక్కనే వచ్చాయి. అదే నా ఖర్మ.

మా చర్చిలో కోత పండుగకి ప్రతి ఇంటివాళ్లూ తొలి పంట తెచ్చి పాస్టరయ్య నిలబడే బల్ల ముందు పెడతారు. అందరికంటే ముందు చెరకు గడలు పట్టుకుని నడిచేది మా ఇంటి పెద్ద కోడలే. మొదట మా అత్త నడిచింది, ఆమె తరవాత నేను. గుట్ట పంచుకున్న ఏడాది పాస్టరయ్య కొత్త మాట చెప్పాడు.

"గుట్ట మీద ఎవరి ముక్కల తొలి పండు పండుతదో, ఇగ ఆమెనే ముందు నడుస్తది."

అందరూ నా వైపే చూశారు. నేను కాక ఇంకెవరులే అని నేనూ అనుకున్నాను.

చెరకు వేసే చేతులకి ఇంకో రకం పని ఏం తెలుస్తుంది? వాలు వెంబడి పైనుంచి కిందికి బారుగా కాలువలు తీశాను. మొక్కల్ని వరసలో నాటాను. గడ్డిపోచ లేకుండా కలుపు తీశాను. పాత సీతాఫలం మొదళ్లూ మోదుగు మొదళ్లూ అడ్డొస్తే గడ్డపారతో పెకలించాను. బండ తగిలిన చోట మాత్రం పైపైన నరికి వదిలేశాను. బిందెలతో నీళ్లు మోశాను. మా తోడికోడలు వచ్చి, తన ముక్కలో ఇచ్చిన మొక్కల్ని అక్కడోటి ఇక్కడోటి గుచ్చి, చుట్టూ ముళ్లకంప వేసి, బండ మీద కూర్చుంది.

"కలుపు తియ్యవా చెల్లే?" అన్నాను.

"నాతోని కాదక్కా. నడుం పోతది," అంది.

వానలు దంచాయి. నేను తీసిన కాలువల వెంట ఎర్రమట్టి అంతా కిందికి కొట్టుకుపోయింది. మిగిలిన మొక్కలు ఎండాకాలంలో మాడిపోయాయి. ఆమె నాటినవీ సగం చచ్చాయి గానీ, ఆమె ముట్టుకోని పాత మొదళ్లన్నీ చిగుర్లు వేశాయి. మరుసటి వానలకి పొదలయ్యాయి. ఊరికి ఎవరొచ్చినా అటే తీసుకుపోయి చూపించడం మొదలుపెట్టారు. అటవీశాఖ ఆఫీసరు ఆమెను శభాష్ అన్నాడట. నా ముక్క మీదుగానే నడిచిపోయి ఉంటాడు, తల తిప్పకుండా.

ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను.

"ఏమేసినవే, గట్ల లేసింది?"

"ఏం ఎయ్యలే అక్కా. శాతగాక ఇడిసిపెట్టిన. చెరకు కొట్టినంక మొదళ్లకెళ్లి మళ్ల లేస్తలేదా? గిది గూడ గంతే."

కొట్టిన చెరకు మొదళ్ల నుంచి ఏటేటా రెండో పంట తీసే నాకు, చేనుకు రావడానికే బద్ధకించే మనిషి పాఠం చెప్పింది. ఒళ్లు మండిపోయింది. మళ్లీ ఆ గుట్ట ఎక్కితే ఒట్టు అనుకుని దిగొచ్చాను. తరవాతి వానాకాలంలోనూ, ఆ పై వానాకాలంలోనూ అటు తొంగి చూడలేదు.

"మనుషులను జూసి కుళ్లుకుంటరు గని, చెట్లను జూసి కుళ్లుకునేదాన్ని నిన్నే జూసిన," అని మా ఆయన నవ్వాడు. ఆ పూట ఆయనే వడ్డించుకున్నాడు.

ఈలోగా ఆమె సీతాఫలాలు కాయనే కాశాయి. కోత పండుగ దగ్గరపడింది. గంప నెత్తిన పెట్టుకుని ఆమె ముందు, చెరకు గడలతో నేను వెనక. తలుచుకుంటే ముద్ద దిగేది కాదు. అది చాలనట్టు మా అత్త నన్ను పిలిచింది.

"చెల్లె ఎంబడి నువ్వు గూడ పో బిడ్డా. గంపెడు కాయలు ఒక్కతే ఎట్ల మోస్కొస్తది?"

పెద్దామె మాట కాదనలేక గుట్ట ఎక్కాను. దారి నా ముక్క మీద నుంచే. తల వంచుకుని నడుస్తుంటే ఆమె ఆగిపోయింది.

"అక్కా, నీది జూడు."

బండల సందుల్లో, నేను పెకలించలేక వదిలేసిన మొదళ్ల నుంచి కొమ్మలు నా నడుం దాకా లేచి ఉన్నాయి. నేను అలిగి రాకపోవడంతో వాటిని పీకే దిక్కు లేకపోయింది. ఒక కొమ్మకి ఒక్కటంటే ఒక్క సీతాఫలం, కళ్లు విచ్చుకుని ఉంది. ఆమె నొక్కి చూసింది. మెత్తగా పండింది.

ముందుకు పోయి ఆమె చెట్ల కాయలతో గంప నింపాం గానీ అన్నీ గట్టివే.

"నావన్ని కాయలే. పండు నీదే అక్కా," అంటూ తిరిగొచ్చేటప్పుడు దాన్ని తెంపి, నిండిన గంప మీద పెట్టింది. ఇలా ఇవ్వమంటే ఒక్క పండు కోసం ఏడ్చిందంటారు. గంప ఎత్తించి, వెనకే దిగాను.

పండుగ ఆదివారం చెరకు గడలు మా ఆయనకిచ్చి నేను వెనక బెంచీలో కూర్చున్నాను. పాట మొదలైంది. ఆమె గంపతో ముందు, జనమంతా ఆమె వెనక.

"పైనున్న పండు సూడు, ఎంత ముద్దుగున్నదో," అంది నా పక్కనున్న అవ్వ.

నా పండే, ఆమె గంపలో, నన్ను దాటుకుని పోబోతోంది. నా పండు మీద నాకే ఈర్ష్య పుట్టింది.

ఆమె నా బెంచీ దగ్గర ఆగింది. వెనక వరసంతా ఆగింది.

"రా అక్కా. నీ పండు నేనెట్ల పెడ్త?"

"నువ్వు నడువు," అన్నాను.

"నువ్వు లేస్తెనే."

పాట అయిపోవచ్చింది. పాస్టరయ్య బల్ల దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఇక లేవక తప్పలేదు. ఆమె గంప నెత్తి మీంచి దించింది. చెరో అంచు పట్టుకుని నడిచాం. అక్కాచెల్లెళ్లలా ఉన్నారని అందరూ మెచ్చుకున్నారు.

బల్ల దగ్గరికి చేరేసరికి మాత్రం నేను ఆమెకంటే అరడుగు ముందున్నాను. కావాలనే.