కత్తెరక్క ఇల్లమ్మిన వైనం

మెట్ల కింద కత్తెరక్క. మా వీధిలో అందరికీ తెలిసిన ఆమె పూర్తి పేరు ఇదే. పాత మేడ పక్కగా పైకి పోయే మెట్ల కింద, ఒక మనిషి నిటారుగా, ఇంకొక మనిషి కాస్త వంగి నిలబడగలిగినంత కొట్టు ఆమెది. వంగవలసినది ఎప్పుడూ గిరాకీయే. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరొకటి ఉండేది కాని, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే, ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని ఆమె కూడా వెనక్కి తిరిగి చూసేది.

నేను మొదటిసారి ఆ కొట్టుకు వెళ్లినది ఒక పాత కోటును వదులు చేయించుకోవడానికి. అప్పటికి నేను ఆ ఊరి బడిలో టీచరుగా చేరి ఎక్కువ కాలం కాలేదు. ఆమె కోటు అందుకుని, లోపలి వైపు పైకి తిప్పి, చంక దగ్గర కుట్టును వేలితో తడిమింది.

“ఎవరు కుట్టారిది?” అని చివరికి అడిగింది.

వేరే ఊళ్లో ఒక పెద్దాయన కుట్టాడనీ, ఆయన ఇప్పుడు లేడనీ చెప్పాను.

“పోయాడా,” అంది. ఆ మాటలో జాలికంటె ఊరట ఎక్కువగా వినిపించింది. “బాగానే కుట్టాడు లెండి. లోపలి వైపు ఇంత బాగా కుట్టాల్సిన పని లేదు.”

ఓర్వలేనితనం లేని మనుషులను నేను చూడలేదు. మనలో చాలామందిమి దానికి మంచి బట్టలు తొడిగి నలుగురిలోకి తీసుకువస్తాం. ఊరందరికీ బట్టలు కుట్టిన కత్తెరక్క తన ఓర్వలేనితనానికి మాత్రం ఒక్క గుడ్డముక్క కప్పలేదు. బజారు అవతల కొత్త దర్జీ కొట్టు పెడితే వారం రోజులు జ్వరం తెచ్చుకుంది. ఎదురింటి పూలకుండీ తన కుండీకంటె ముందు పూస్తే నీళ్లు పోయడం మానేసింది, తన కుండీకే. అయితే ఇవన్నీ చిల్లర అసూయలు. అసలైనది చెల్లెలి మీద ఉండేది.

వాళ్ల తల్లి కూడా బట్టలు కుట్టి బతికిన మనిషి. పెద్ద కూతురికి కత్తెర ఇచ్చింది, చిన్న కూతురికి చదువు చెప్పించింది. చిన్నది పక్క ఊరి తపాలా కార్యాలయంలో ఉద్యోగం సంపాదించి, పెళ్లి చేసుకుని, సొంతంగా ఇల్లు కట్టుకుంది. పెద్దది తల్లి ఇంట్లోనే, తల్లితోనే ఉండిపోయింది. ఆ ఇంటిని తల్లి ఒక్కొక్క గదిగా కట్టించింది. చేతిలో కాస్త మిగిలినప్పుడల్లా ఒక గోడ లేచేది. కిటికీలు మాత్రం కూలగొట్టిన కట్టడాల దగ్గర పాతవి కొనేది. అందువల్ల ఆ ఇంట్లో ఒక కిటికీతో ఇంకొక కిటికీకి పోలిక ఉండేది కాదు. ఒకటి బడి కిటికీలా పొడుగ్గా, ఒకటి టికెట్లు ఇచ్చే కిటికీలా పొట్టిగా, వీధి వైపుది తలుపంత వెడల్పుగా ఉండేవి.

తల్లి పోయాక, ఇల్లు ఇద్దరు కూతుళ్లకూ సమానంగా రాసిందని తేలింది. అది న్యాయమేనని అందరూ అన్నారు. కత్తెరక్క మాత్రం ఎవరిదో కోటుకు చేతులు అతికిస్తూనే నాకు లెక్క చెప్పింది.

“దానికి సొంతిల్లు ఒకటి. ఇందులో సగం. ఒకటిన్నర అయిందా? నాకు అర. అమ్మకి కూడికలు రావనుకునేదాన్ని టీచరమ్మా, బాగానే వచ్చు.”

చెల్లెలు వాటా అడగలేదనీ, అక్కను ఉండవద్దని అనలేదనీ నేను గుర్తు చేశాను. అదే తన బాధ అని ఆమె జవాబిచ్చింది. అడిగితే పోట్లాడవచ్చట. అడగకుండా ఊరుకున్న మనిషి ఇంట్లో, దయ మీద బతుకుతున్నట్టు, గోడకు ఒక మేకు కొట్టాలన్నా చెయ్యి ఆడటం లేదట. అందుకని ఇల్లు అమ్మెయ్యాలని పట్టు పట్టింది. ఇద్దరికీ లేకుండా పోతే ఇద్దరూ సమానమవుతారన్నది ఆమె సూత్రం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనడంలో ఆమెకు ఎవరూ సాటి రారు.

చూడవచ్చిన వాళ్లందరూ ఆ కిటికీలను చూసి నవ్వి వెళ్లిపోయేవారు. తెరలు కడితే కొంత నయమని ఇళ్ల బేరగాడు సలహా ఇచ్చాడు. ఆమె ఎన్నాళ్లుగానో పెట్టెలో దాచుకున్న నీలం బట్ట తాను బయటికి తీసి, కొట్టు మూసి, ఒక్కొక్క కిటికీకి తెర కుట్టింది. ఎవరి బట్ట కుట్టినా రేపు మనిషి ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి లోపల నాలుగు వేళ్ల మడత వదలడం ఆమె అలవాటు. ఈ తెరలకు మాత్రం పిసరంత మడత వదలలేదు. ఎందుకని అడిగాను.

“ఇల్లు లావెక్కుతుందా టీచరమ్మా?” అంది.

తెరలు కట్టిన రోజు ఆ ఇల్లు చూసి నేనే గుమ్మంలో ఆగిపోయాను. పొంతన లేని కిటికీలన్నీ, వేరువేరు ఎత్తులున్నా ఒకే తల్లి పిల్లలని తెలిసేట్టు, ఒకే నీలంలో నిలబడి ఉన్నాయి.

ఆ వారమే రొట్టెల దుకాణం యజమాని, ఆయన భార్య ఇల్లు చూడడానికి వచ్చారు. చెల్లెలూ వచ్చింది. నచ్చితే అప్పుడే ఒప్పందం రాసుకోవాలని సాక్షి సంతకానికి నన్ను పిలిచారు. దుకాణం ఆవిడ గోడలు చూడలేదు, కప్పు చూడలేదు. తిన్నగా వీధి వైపు కిటికీ దగ్గరికి వెళ్లి, తెర అంచును రెండు వేళ్లతో పట్టుకుని, “ఇవి కూడా ఇంటితోపాటే కదండీ?” అని అడిగింది. కత్తెరక్క ఆ వేళ్ల వైపు, తన పళ్లెంలో ఇంకొకరు చెయ్యి పెట్టినట్టు చూసింది.

టీ పెట్టే నెపంతో చెల్లెలు ఆమెను వంటగదిలోకి లాక్కువచ్చింది. నేను అప్పటికే పొయ్యి దగ్గర ఉన్నాను. నన్ను చూసి కూడా ఆగలేదు.

“అక్కా, ఈ ఇల్లు అమ్మడం నీకు ఇష్టం లేదు. నీ మొహం చెప్తోంది.”

“నా మొహం పుట్టినప్పట్నుంచీ ఇంతే.”

“నా సగం నీ పేర రాసిచ్చేస్తాను. ఉత్తినే కాదులే, నీకు ఉత్తినే ఇస్తే అరగదు. అమ్మ కత్తెర నాకివ్వు. చాలు.”

కత్తెరక్క చెయ్యి నడుము దగ్గర సంచి మీదికి పోయింది. కొట్టు మూసినా ఆ కత్తెర ఆమెను వదిలి ఉండేది కాదు.

“బొత్తాం కుట్టడం రాదు నీకు. కత్తెరేం చేసుకుంటావే?”

“గోడకి తగిలించుకుంటాను. నన్నెప్పుడైనా ముట్టుకోనిచ్చిందా అమ్మ? నీ చేతులు పుస్తకాలకి అనేది. మీరిద్దరూ మిషన్ దగ్గర చేరి ఏదో చెప్పుకుని నవ్వేవాళ్లు. నేనొస్తే ఆపేసేవాళ్లు. ఏం చెప్పుకునేవాళ్లో నాకిప్పటికీ తెలీదు.”

అసూయ ఒక్కటీ తన సొంత ఆస్తి అనుకుంటున్న మనిషికి, అందులోనూ చెల్లెలికి సగం వాటా ఉందని అప్పుడు తెలిసింది. ఆమె పాలగిన్నె వైపు తిరిగింది.

“గిరాకీల నడుముల గురించి,” అంది నెమ్మదిగా. “ఇంకేముంటుంది?”

“అదే. అది నాకూ చెప్పుండాల్సింది.”

ఒక కత్తెరకు ఒక ఇల్లు. ఏ పిచ్చివాడైనా తీసుకునే బేరం. ఆ ఇంటి మీద ఆమెకు ప్రాణమని నాకు తెలుసు కాబట్టి, ఆమె సంచి విప్పుతుందనే అనుకున్నాను. పాలు పొంగాయి. ఆమె పొయ్యి ఆర్పి, గుడ్డతో గట్టు తుడిచి, “వాళ్లని ఎక్కువసేపు కూర్చోబెట్టకూడదు. పదండి, సంతకాలు పెడదాం,” అంది.

“గడ్డివాము దగ్గర కుక్కవక్కా నువ్వు.”

“కుక్కనే. కత్తెర ఇవ్వను.”

ఇల్లు అమ్ముడుపోయింది. తాళాలు ఇచ్చే రోజున, తెరల ఊసు కాగితంలో ఎక్కడా లేదని చెప్పి, ఆమె అన్నింటినీ విప్పి మూట కట్టుకుని, తన కొట్టు పైన ఒక అద్దె గదిలో చేరింది. ఆ గదికి ఒకటే కిటికీ. నేను చూడడానికి వెళ్లేసరికి తెరలను ఒకదాని తరువాత ఒకటి కట్టి చూస్తోంది. ఒకటి జానెడు చాలలేదు, విప్పుదామంటే మడత లేదు. మిగిలినవి నేల మీద ఈడ్చుకుపోతున్నాయి. పొడుగువాటిని కత్తిరించి కుట్టుకోవచ్చు కదా అన్నాను.

“అమ్మ కిటికీలకి కోసిన గుడ్డ. మళ్లీ ఎలా కోస్తాను?” అంది.

నెల తిరగకముందే, దుకాణం ఆవిడ కొత్త తెరల కోసం బజారు అవతలి దర్జీకి కొలతలు ఇచ్చిందని కబురు తెలిసింది. కత్తెరక్క ఆ సాయంత్రమే తెరలన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, తానే మోసుకువెళ్లి ఒక్కొక్క కిటికీకి కట్టి వచ్చింది. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని చేతులు పట్టుకుందట. “నా మంచితనం అనుకుంది పిచ్చిది,” అని నాతో అంది. “వాడి వంకర కుట్టు మా అమ్మ కిటికీకా?”

కొన్నేళ్లకు ఆమె కళ్లు సూదిలో దారం ఎక్కించడానికి సహకరించడం మానేశాయి. ఆ సంగతి నేను చెల్లెలికి తెలియజేశాను. ఆమె వచ్చి, అక్కతో ఒక్క మాట కూడా వాదించకుండా, తన ఇంటికి తీసుకుపోవడానికి సామాను సర్దింది. ఇద్దరినీ బస్సు ఎక్కించడానికి వెళ్లాను. చెల్లెలు పెట్టెలన్నీ పైకి చేర్చి, అక్క ఒడిలో ఉన్న చిన్న సంచికి చెయ్యి చాపింది.

“అది కూడా ఇటివ్వక్కా, బరువు.”

“బరువేం లేదు. నువ్వు కూర్చో,” అంది కత్తెరక్క. చెల్లెలు కిటికీ వైపు సీటు వదిలి పక్కన కూర్చుంది. కత్తెరక్క కిటికీలోంచి వంగి నన్ను దగ్గరికి రమ్మంది. చెల్లెలికి వినపడకూడదని గొంతు తగ్గించింది.

“ఇంటికి ఆ వీధిలోంచే వెళ్తారు కదా టీచరమ్మా? వీధి వైపు కిటికీకి నా తెరే ఉందో, తీసేసి ఇంకోటి కట్టారో ఒక్కసారి చూడండి. ఉందంటే, నేను కుట్టింది ఆవిడ అనుభవిస్తోందని కడుపు మండుతుంది. లేదంటే, ఇంకెవడో కుట్టాడని మండుతుంది. ఏదైనా సరే, దాచకుండా నాకు చెప్పండి.”