సబ్బునీళ్ళలో ఊడిన లేబుల్

చమురు డబ్బుతో దోహా పెరుగుతున్న రోజుల్లో నేను దాని పక్కనే ఉన్న అల్ వక్రా ఊళ్ళో ఒక తెలుగు ఇంజనీరు గారింట్లో వంట చేసేదాన్ని. నాకు నలభై ఆరేళ్ళ వయసులో అమ్మగారు బియ్యం పళ్ళెంలో వేలితో తెలుగు, ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాలు దిద్దించారు.

అయ్యగారికి అమెరికా నల్లజాతివాళ్ళ పాత సోల్ పాటల రికార్డులంటే పిచ్చి. ఏది ఏ ఫ్యాక్టరీలో తయారైందో ఆరా తీస్తూ విదేశాలకు ఉత్తరాలు రాసేవారు. ఒక రికార్డుకు మాత్రం లేబుల్ మీది వెలిసిపోయిన ముద్ర ఒక్కటే ఆధారం. ఇసుక పట్టిందని నేను దాన్ని గిన్నెలతోపాటు కడిగేశాను. లేబుల్ ఊడిపోయి ముద్దయింది.

"ఎంత పని చేశావు సూరమ్మా! ఆరు నెలలుగా వెతుకుతున్నాను. ఇక ఖలాస్!" అని అయ్యగారు తల పట్టుకున్నారు.

నా ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. అయినా రికార్డు వదలకుండా తుడుస్తుంటే, పాట గీతలు అయిపోయిన చోట వేలికి ఏదో తగిలింది.

"అయ్యగారూ, ఇక్కడ అచ్చరాలున్నాయండి."

"అవి గీతలు. కళ్ళజోడు పెట్టుకున్నా నాకు కనబడనివి నీకెలా కనబడ్డాయి?"

"కనబడక్కర్లేదండి. నేను నేర్సుకుంది వేలితోనే కదండీ."

మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్కొక్కటే తడిమి, అనుమానం వచ్చినదాన్ని బియ్యంలో రాసి చూసుకుని, కాగితం మీదకు దించాను. మూడు అక్షరాలు, ఐదు అంకెలు. అయ్యగారు ఆ కాగితాన్నే ఉత్తరంలో పెట్టి పంపారు.

రెండు నెలలకు జవాబొచ్చింది. అవి ఒక ఫ్యాక్టరీ గుర్తులట, అది ఏ ఊళ్ళో ఉందో కూడా రాశారట. అయ్యగారు ఆ ఊరి పేరు పైకి చదవబోతే ఉత్తరం అడిగి తీసుకుని, దాన్ని కూడబలుక్కుని నేనే చదివాను. నా చేతిరాతకు ఒకరు జవాబు రాయడం అదే మొదటిసారి.