మూడంటే నాలుగు

మా ఇంట్లో మూడు తరాలుగా బళ్ల పిచ్చి ఉంది. తాత పోర్టులో క్రేన్ నడిపేవాడు. ఆదివారం పూట ఆటుకి నీళ్లు వెనక్కి పోతే, తడి ఇసుక మీద మోటారుసైకిలు పందేలకి పోయేవాడు. నాన్న కార్ల ర్యాలీలకు ఎక్కాడు. నేను ఆ ర్యాలీల్లోనే దేశానికి ఛాంపియన్ అనిపించుకున్నాను, అదీ కొన్నేళ్లు వరసగా. పేపర్లో నా ఫొటో వేసినప్పుడల్లా ఈ వంశవృక్షం రాసేవారు. తాత, తండ్రి, కొడుకు. అమ్మ ఆ వరసలో ఉండేది కాదు. ఆమె ఏనాడూ స్టీరింగ్ పట్టలేదు కాబట్టి కాబోలు. నాన్న గెలిచిన ప్రతి ర్యాలీలోనూ, నా మంచి సంవత్సరాలన్నిటిలోనూ ఎడమ సీట్లో కూర్చున్నది మాత్రం ఆమే.

ర్యాలీ అంటే పక్కపక్కన పరుగెత్తే పందెం కాదు. తోటల మధ్య మట్టిరోడ్డో, కొండదారో మూసేసి, ఒక్కో బండినీ విడిగా వదులుతారు. పోటీ గడియారంతో. మలుపు అవతల ఏముందో డ్రైవరుకి కనబడదు. అందుకని ముందురోజు అదే దారిలో నెమ్మదిగా వెళ్లి, ప్రతి మలుపుకీ ఒక అంకె పెట్టుకుంటాం. దాన్నే రెక్కీ అంటాం. డ్రైవరు చెబుతాడు, పక్కనున్న నావిగేటరు రాసుకుంటారు. ఒకటంటే దాదాపు ఆగి తిరగాల్సిన మలుపు. ఆరంటే యాక్సిలరేటరు మీంచి కాలు తీయక్కర్లేదు. మర్నాడు పందెంలో నావిగేటరు ఆ అంకెల్ని ఒక మలుపు ముందుగా చదువుతుంటే, డ్రైవరు ఆ మాట పట్టుకుని కనబడని దారిలోకి దూకాలి. నమ్మకపోతే ఓడిపోతాడు. మాట తప్పయితే చస్తాడు. ఇంతకుమించి మా విద్యలో రహస్యం ఏమీ లేదు.

అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. చెవులకి హెడ్‌ఫోను, ఎదురుగా తీగల బోర్డు, రెండువైపులా తెలియని గొంతులు. చావు కబురైనా పెళ్లి కబురైనా విన్నది విన్నట్టు అందించాలి, ఒక మాట చేర్చకూడదు, ఒక మాట మింగకూడదు. అదే ఆమె ఉద్యోగధర్మం. ఇంట్లోనూ అంతే. పక్కింటావిడ నన్ను తిడితే, ఆ తిట్టు ఒక్క అక్షరం పోకుండా నాకు చేరేది.

కంచరపాలెంలో మా బళ్ల షెడ్డు రైలుపట్టాల పక్కనే. రైలు పోతుంటే అందరం మాట ఆపుకునేవాళ్లం. అమ్మ ఆపేది కాదు, గొంతు పెంచేదీ కాదు, అయినా ఆమె చెప్పింది వినబడేది. నాన్న ఆమెని పక్కన కూర్చోబెట్టుకున్నది ప్రేమ కొద్దీ అని చుట్టాలు వేళాకోళం చేసేవారు. ప్రేమ ఉంటే ఉండొచ్చు. అసలు సంగతి, అంతకుముందు ఆ సీట్లో కూర్చున్న ఇద్దరు స్నేహితులూ ఘాట్ రోడ్డులో వాంతులు చేసుకుని పారిపోయారు.

తొంభైల మొదట్లో, నేను హైస్కూల్లో ఉండగా, అనంతగిరి వైపు కొండల్లో జరిగిన ర్యాలీలో నాన్న బండి లోయలోకి జారింది. రెక్కీ అయిపోయాక కురిసిన వానకి ఒక మలుపు అంచు కోసుకుపోయింది. అమ్మ చదివిన అంకె రాసుకున్నదే, కానీ రోడ్డు నిన్నటి రోడ్డు కాదు. అమ్మ చిన్న దెబ్బలతో బయటపడింది. నాన్నకి ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారు.

ఆస్పత్రి వరండాలో అమ్మ ఒక్కటే మాట అనుకుంటూ కూర్చుంది. "నాను సరిగ్గానే సెప్పినాను." డాక్టరుతో అంది, ఆయాతో అంది, ఎవరూ లేనప్పుడు గోడతో అంది. పరామర్శకి వచ్చినవాళ్లు ఎదురుగా తలలూపి, వీధిలోకి వెళ్లాక, ఆడదాన్ని పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంకేమవుతుంది అనుకున్నారు. మన ఊళ్లో ఏ మాటకీ కాళ్లు తక్కువ కాదు. అది మా ఇంటికి కూడా నడిచి వచ్చింది. నాన్నకి ఆ మలుపు బొత్తిగా గుర్తు లేదు. తెలివి వచ్చాక ఆయన అమ్మని ఏమీ అడగలేదు. నువ్వు ఏ అంకె చెప్పావు అని ఒక్కసారి అడిగి ఉంటే ఆమె బతికిపోయేది. ఆయన అడగలేదు, ఆమె తనంతట తాను చెప్పలేదు, వాళ్లిద్దరి మధ్యా పెరిగిన నాకు ఆ మౌనమంటే ఒళ్లుమంట.

కాలు పోయినా నాన్నకి పిచ్చి పోలేదు. నన్ను తయారుచేశాడు. స్టీల్‌ప్లాంట్ అవతల ఖాళీ రోడ్లలోనూ, క్వారీ లారీల దారుల్లోనూ పక్కన కూర్చుని, నా కాలు తడబడితే చేతికర్రతో మోకాలి మీద కొట్టేవాడు. వన్ టౌన్ నుంచి వచ్చే డెంటింగ్ మేస్త్రీ, నాన్నకి చిన్నప్పటి స్నేహితుడు, నేను పాడుచేసిన రేకులన్నీ తట్టి సరిచేసేవాడు. ఆయన్ని నేను బాబాయ్ అనేవాణ్ణి. "నీ కొడుకే మా పిల్లల్ని సదివిత్తన్నాడు బావా" అని కూలి డబ్బులు అందుకుంటూ నాన్నని ఆటపట్టించేవాడు.

నేను మొదటి ర్యాలీకి పేరు ఇచ్చిన రోజు, అన్నం వడ్డిస్తూ అమ్మ తన మాట చెప్పింది. "ఆడెల్తే పక్కన నానే కూకుంటాను. కాదంటే బండి షెడ్డు దాటదు." నాన్న ఒప్పుకున్నాడు కానీ తనూ ఒక షరతు పెట్టాడు. బండి తలుపు పడ్డాక తల్లీకొడుకూ అనేది లేదు, డ్రైవరూ నావిగేటరూ మాత్రమే. అమ్మ సరేనంది. ఆమె నోట నేను విన్న మొదటి అబద్ధం అదేనని అప్పుడు నాకు తెలియదు.

మొదటి రెండేళ్లూ నేను గెలిచిందీ లేదు, పోటీకి వచ్చిందీ లేదు. ఎప్పుడు చూసినా మధ్యలో ఎక్కడో ఉండేవాణ్ణి. నాన్న, మధ్యమధ్య బళ్లు ఆగి మరమ్మతు చేసుకునే సర్వీసు చోట, ప్లాస్టిక్ కుర్చీలో స్టాప్‌వాచీతో కూర్చుని, నేను రాగానే, "బయపడతన్నావు" అనేవాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు భయం లేదు. అమ్మ ఎంత చెబితే అంత వేగం వెళ్తున్నాను. అయినా గడియారం నన్ను పిరికివాడనే అంటోంది. ఇంకో ఏడాది ఇలాగే పోతే బండి అమ్మేసి షెడ్డులో కూర్చోమని నాన్న తేల్చేశాడు. ర్యాలీ లేకపోతే నేనేమిటో నాకు తెలియదు. నిద్రపట్టేది కాదు.

ఆ ఏడాదే ఒక రెక్కీలో, ఒక మలుపు దగ్గర గేదెలు అడ్డంపడి ఆగిపోయాం. అవి కదిలేదాకా ఆ మలుపుని తీరిగ్గా చూసి, "కుడి నాలుగు" అన్నాను. అమ్మ రాసుకుంది. మర్నాడు పందెంలో అదే మలుపు ముందు ఆమె గొంతు, ఎప్పటిలాగే తొణక్కుండా, "కుడి మూడు" అంది. బ్రేకు తొక్కి, మూడుకి తగ్గట్టు తిరిగాను. ఇంకో బండి పట్టేంత చోటు మిగిలింది.

పొరపాటేమో అనుకున్నాను. కానీ ట్రంకు కాల్ నంబర్లు కలలో కూడా తప్పు చెప్పని మనిషికి పొరపాటెలా వస్తుంది? తర్వాతి ర్యాలీలో పనిగట్టుకుని కొన్ని మలుపులు గుర్తుపెట్టుకున్నాను. పొరపాటు కాదు. రాసుకునేది నేను చెప్పినట్టే రాసుకుంటోంది, చదివేటప్పుడు మాత్రం ప్రతి మలుపునూ ఒక అంకె దించి చదువుతోంది. ఇంక దించడానికి వీల్లేని ఒకటిని కూడా వదల్లేదు, దానికి "మెల్లగా" అని పేరు పెట్టింది.

కోపంతో నాకు ఒళ్లు తెలియలేదు. రెండేళ్లపాటు నన్ను నాన్న కళ్లముందు పిరికివాణ్ణి చేసింది. ఇంటికి చేరాక అడిగేద్దామనుకున్నాను. గోపాలపట్నంలో ఇంట్లోకి అడుగుపెట్టగానే అమ్మ చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, మంచం మీద వాలిన నాన్న మొండికాలికి నూనె రాయడం మొదలుపెట్టింది. రోజూ చేసేదే, రోజూ చూసేదే. ఆ పూట మాత్రం చూడలేకపోయాను. ఒకప్పుడు ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది, దానికి దక్కింది ఆ కాలు. నేను ఇప్పుడు నోరు విప్పితే ఆమె ఎడమ సీటు వదిలేస్తుంది, లేదా నన్ను కుడి సీటు వదలమంటుంది. నాకు ర్యాలీ కావాలి, పక్కన అమ్మ గొంతు కూడా కావాలి. అడగాల్సిన మాట మింగేసి అన్నానికి కూర్చున్నాను. ఆ పాడు మౌనం మా ఇంటి ఆస్తి కదా, నా వాటా నాకు వచ్చింది.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. అమ్మ ఒకటి తీస్తే నేను ఒకటి కలుపుకున్నాను. మూడంటే నాలుగు. నాలుగంటే ఐదు. మెల్లగా అంటే ఒకటి. మొదట్లో ప్రతి మలుపుకీ లోపల లెక్క కట్టుకోవలసి వచ్చేది. కొన్నాళ్లకి కలుపుతున్నానన్న ధ్యాస కూడా పోయింది. నా చేతులే కలుపుకునేవి.

అప్పట్నుంచి గెలవడం మొదలైంది. ఆ ఏడాది చివర్లో ఒక ర్యాలీ, మరుసటి ఏడాది మూడు, ఆపైన ఏడాదికి ఛాంపియన్‌షిప్పే. షెడ్డులో అలమర నిండిపోయాక, మిగిలిన కప్పుల్లో బాబాయ్ నట్లూ వాషర్లూ పోసుకునేవాడు. నాన్న "బయపడతన్నావు" అనడం మానేసి, వాచీ జేబులో పెట్టుకునేవాడు. ఆయన మెచ్చుకోవడమంటే అదే. అమ్మకి మాత్రం గర్వంకన్నా దిగులు ఎక్కువ. హెల్మెట్ తీసి, చెమటకి కరిగిన బొట్టు తుడుచుకుంటూ, "సెప్పినదానికన్నా ఎక్కువెల్లిపోతన్నావురా" అనేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆమెని మోసం చేస్తున్నందుకు సిగ్గుగా ఉండేది. ఆమె పక్కనే ఉన్నందుకు హాయిగానూ ఉండేది. ఇన్నేళ్ల తర్వాత చూస్తే ఆ హాయే ఎక్కువ.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకి ఎక్స్ఛేంజిలో తీగల బోర్డు తీసేశారు. అమ్మని బిల్లుల కౌంటర్లో కూర్చోబెట్టారు. కళ్లజోడు వచ్చింది. కుదిపే బండిలో అక్షరాలు నిలవడం లేదనీ, వచ్చే ఏటికి కళ్లు బాగున్న వాళ్లని చూసుకోమనీ తనే చెప్పింది. ఆ ఏడాది ఆఖరి ర్యాలీ కర్ణాటకలో కాఫీ తోటల మధ్య. ఛాంపియన్‌షిప్ అక్కడ తేలాలి. అమ్మకి అదే చివరిది. ఉదయం బండి ఎక్కేముందు నా చెంప నిమిరింది. తలుపు ఇంకా పడలేదు కాబట్టి నాన్న షరతు తప్పినట్టు కాదు.

మొదటి మలుపులోనే బండి అనుకున్నదానికన్నా వెడల్పుగా జారింది. రాత్రి వాన పడిందిలే అనుకున్నాను. రెండోదాన్లో చక్రం గట్టు మీది గడ్డిని గీరింది. టైర్లని తిట్టుకున్నాను. మూడో మలుపుకి అమ్మ "ఎడమ నాలుగు" అంది. నా చేతులు దాన్ని ఐదు చేసుకున్నాయి. రోడ్డు నాకంటే ముందే తిరిగిపోయింది. కంచె, కాఫీ మొక్కలు, ఆకాశం, మళ్లీ మొక్కలు. ఆగేసరికి బండి ఎడమపక్కకి పడుకుని ఉంది. అమ్మ కింద ఉంది, నేను బెల్టుకి వేలాడుతూ పైన ఉన్నాను.

ఇంజను ఆగిపోయింది. హెల్మెట్ ఫోనులో ఆమె ఊపిరి వినబడుతోంది. తర్వాత ఆమె గొంతు వచ్చింది, నెమ్మదిగా. "నాను సరిగ్గానే సెప్పినానురా."

ఆస్పత్రి వరండాలో గోడతో చెప్పిన మాటే అది. అప్పుడు తెలిసింది, ఆ ఉదయం నుంచీ నాలుగంటే నాలుగేనని.

"సరిగ్గానే సెప్పినావమ్మా" అన్నాను.

ఆమెకి కాలర్ ఎముకా, రెండు పక్కటెముకలూ విరిగాయి. నాకు గీతలే. ఛాంపియన్‌షిప్ ఇంకెవరికో వెళ్లింది, ఎవరికో అప్పుడు అడగను కూడా లేదు. ఆ ఊరి చిన్న ఆస్పత్రికి నాన్న ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో బాబాయి భుజం పట్టుకుని వచ్చాడు. మంచం దగ్గర నిలబడి, ఏటయ్యింది అన్నాడు. ఈసారి అడిగాడు. నేను నోరు తెరిచేలోగా అమ్మ జవాబు చెప్పేసింది.

"నాను తప్పు సెప్పినాను."

ఊరంతా వేలెత్తి చూపినా ఆమె ఒప్పుకోని మాట అది. దాన్ని నా కోసం, కట్టు కట్టిన భుజంతో పడుకుని, అంత తేలిగ్గా అనేసింది. నేను తట్టుకోలేకపోయాను. ముప్ఫైకి దగ్గరపడుతున్న ఛాంపియన్ని, నర్సుల ఎదుట ఏడ్చుకుంటూ మొత్తం చెప్పాను. గేదెల దగ్గర మలుపు, దించిన అంకెలు, నేను కలుపుకున్నది, అన్నీ. అమ్మ నా వంక అలాగే చూస్తూ వింది. తర్వాత తన వంతు తను చెప్పింది. ఎంత తగ్గించి చెప్పినా నేను ఎక్కువే వెళ్లిపోతున్నానని ఆమె భయమట. నిజం చెబితే ఇంకెంత వెళ్తానో అని తగ్గించడం మానలేకపోయిందట. ఆఖరి రోజైనా ఉన్నదున్నట్టు అందించి దిగిపోదామనుకుందట. అన్నేళ్లూ ఆమె అబద్ధం నన్ను ఒక్క పూట కూడా కాపాడలేదు. నిజం చెప్పిన ఒక్క పూటా నేను నమ్మలేదు.

నాన్న మెల్లగా మంచం అంచున కూర్చున్నాడు. కర్ర నేల మీద పెట్టాడు. అమ్మ మొహం చూడలేక కాబోలు, తన మొండికాలి వంక చూసుకుంటూ అడిగాడు.

"మరి నాకు?"

మా ఇంట్లో పదేళ్లు దాటినా ఎవరూ అడగని ప్రశ్న అది. బాబాయి గోడవైపు తిరిగిపోయాడు.

"మీకెప్పుడూ ఉన్నదున్నట్టే సెప్పినానండి" అంది అమ్మ. "అందుకే ఈడికి సెప్పలేకపోయినాను."

నాన్న తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. తర్వాత బాబాయిని పిలిచి టీ తెమ్మన్నాడు, అమ్మ గ్లాసులో పంచదార ఎక్కువ వేయించమన్నాడు. ఆమెకి ఆడే చెయ్యి ఒక్కటే, దాన్ని నేను వదల్లేదు. టీ నాన్నే పట్టించాడు.