హోదా రాయని వాళ్ళు

నా జీవితంలో నాకు దక్కిన అతి పెద్ద పదవి వాట్సాప్ గ్రూపు అడ్మిన్. ముప్పై ఏళ్ళు జగ్గయ్యపేటలో ఇంటర్ పిల్లలకు కామర్స్ చెప్పాను. ప్రిన్సిపాల్ కుర్చీ సంగతి అటుంచి, దాని పక్క కుర్చీలో కూడా ఎవరూ కూర్చోమనలేదు. రిటైరైన ఏడాది తిరక్కుండా, నందిగామలో నేను డిగ్రీ చదివిన కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘానికి కార్యదర్శినైపోయాను. ఎన్నికేమీ జరగలేదు. ఆ రోజు మీటింగుకి నలుగురం వచ్చాం. మిగతా ముగ్గురూ కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయారు. ఫోనులో గ్రూపు తెరవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

"పాలప్యాకెట్టు తెమ్మంటే ఉత్త చేతుల్తో వస్తారు, అంతమందిని మీరేం చూస్తారండీ?" అంది మా ఆవిడ. అప్పటికే గ్రూపు నియమావళి రాసుకుంటున్నాను.

నియమావళిలో మొదటి అంశం: చేరినవారు తమ పేరు, బ్యాచ్, హోదా తెలపాలి. ఆ మూడో మాట మీద నాకు ప్రత్యేకమైన మమకారం. ఎవరిని వేదిక మీద కూర్చోబెట్టాలో, ఫ్లెక్సీలో ఎవరి ఫోటో ఎంత సైజు వేయాలో తేలేది దానితోనే కదా. అందరికీ ఆదర్శంగా ఉంటుందని నా హోదా ముందుగా రాసి పెట్టాను: విశ్రాంత ఉపన్యాసకులు, సంఘ కార్యదర్శి, సామాజిక సేవకులు. ఆ చివరిది ఏ ధైర్యంతో రాశానో తెలియదు. అప్పటికి నేను చేసిన సేవల్లా ఒకసారి రక్తదాన శిబిరానికి వెళ్ళి, బీపీ ఎక్కువుందని వాళ్ళు పంపేస్తే తిరిగి రావడం.

మా సంఘం ఆశయం చాలా గొప్పది. కాలేజీ నుంచి బయటికొచ్చే పిల్లలకు ఉద్యోగాల దారి చూపించడం. లెటర్‌హెడ్ అడుగున చిన్న అక్షరాల్లో ఆ మాట ఉండేది. మేం చేసింది మాత్రం సన్మానాలు. ప్రమోషన్ వస్తే శాలువా, బదిలీ అయితే శాలువా, రిటైరైతే శాలువా. ఒకాయనకి ఒక్క ఏడాదిలోనే ఆ మూడూ జరిగాయి. ఆ తర్వాతి మీటింగుకి రమ్మంటే, ఇంట్లో బీరువా పట్టడం లేదని తప్పించుకున్నాడు. కార్తీక మాసంలో వేదాద్రిలో వనభోజనాలు పెట్టుకున్నాం. కృష్ణ ఒడ్డున ఆకుల ముందు కూర్చుని, "మన పిల్లలకి ఏదో ఒకటి చెయ్యాలండీ" అని ఒకరంటే, "చెయ్యాలి, చెయ్యాలి" అని వరసంతా తలలూపాం. పులిహోర రెండో విడత వచ్చేసరికి ఆ విషయం పక్కకి పోయింది.

శాలువాలు కొనే బాధ్యత నాదే. నందిగామలో ఒక బట్టల కొట్లో కొనేవాణ్ణి. అక్కడే నాకు ఒక అమ్మాయి పరిచయమైంది. వత్సవాయి నుంచి రోజూ బస్సులో వచ్చి ఆ కొట్లో పనిచేసేది. వాళ్ళ నాన్న ట్రాక్టరు డ్రైవరు. నా చేతిలోని సంచీ మీద కాలేజీ పేరు చూసి, "సార్, నేనూ అక్కడే చదివానండీ, కెమిస్ట్రీ" అంది. నాకు ఉత్సాహం వచ్చేసింది.

"అయితే మన గ్రూపులో చేరమ్మా. మనవాళ్ళు పెద్ద పెద్ద పొజిషన్లలో ఉన్నారు. నీకేం కావాలో చెప్పు."

"ఏదైనా ల్యాబులో పనయితే చాలండీ. చదివింది మర్చిపోకముందు వస్తే బాగుండు. అప్పుడే రెండేళ్ళయిపోయింది."

తప్పకుండా వస్తుందని భరోసా ఇచ్చి, శాలువాల కట్ట చంకన పెట్టుకుని బయటపడ్డాను. ఆ అమ్మాయి అదే రోజు గ్రూపులో చేరింది. పేరు రాసింది, బ్యాచ్ రాసింది. హోదా రాయలేదు. నేను ఊరుకుంటానా? అందరూ చూస్తుండగా రెండుసార్లు పెట్టాను: "హోదా తెలపగలరు." జవాబు రాలేదు.

కొన్నాళ్ళకి నాకు గ్రూపును ప్రక్షాళన చేయాలనే బుద్ధి పుట్టింది. గ్రూపంటే ఒక క్రమశిక్షణ ఉండాలని, పుట్టినరోజు శుభాకాంక్షలకి కూడా పలకనివాళ్ళు ఉండి ఏం లాభమని అనుకున్నాను. హోదా రాయనివాళ్ళని, ఎవరికీ శుభాకాంక్షలు చెప్పనివాళ్ళని వెతికి పట్టుకున్నాను. నలభై మంది దాకా తేలారు. ఒక సాయంత్రం టీ తాగుతూ, ఒక్కొక్కర్నే తీసేశాను. ఆక్రమణలు తొలగిస్తున్న ఆర్డీవోనన్నంత గంభీరంగా చేశానా పని. ఆ అమ్మాయి కూడా ఆ నలభై మందిలోనే పోయింది. మర్నాటి నుంచి గ్రూపు కళకళలాడింది. ఎవరు శుభోదయం పెట్టినా నిమిషంలో పది దండాలు.

ఇలా ఉండగా ఒక సోమవారం, దగ్గర్లోని సిమెంటు ఫ్యాక్టరీలో ల్యాబు చూసే మేనేజరు ఒక మెసేజి పెట్టాడు. మా కాలేజీవాడే, నాకంటే చాలా చిన్న, మా వేదికల మీద మూడు శాలువాలు కప్పించుకున్నవాడు. తమ ల్యాబుకి కెమిస్ట్రీ డిగ్రీ ఉన్నవాళ్ళు ఇద్దరు కావాలని, మన కాలేజీ పిల్లలైతే సంతోషమని, గురువారం పొద్దున్నే సర్టిఫికెట్లతో రమ్మని రాశాడు. సంఘం పుట్టాక మా ఆశయానికి సంబంధించిన మెసేజి అదొక్కటే.

గ్రూపు ఉప్పొంగిపోయింది. దండాలు, పూలగుత్తులు, "మన కాలేజీకే గర్వకారణం సార్" అన్న మాటలు వరసగా దిగాయి. ఒకాయన మేనేజరు గారికి మళ్ళీ సన్మానం చేయాలని ప్రతిపాదిస్తే మరో ఇద్దరు బలపరిచారు. నేను కూడా ఒక పెద్ద పేరా రాశాను. అందులో నా కృషి ప్రస్తావన రెండు చోట్ల వచ్చింది.

బుధవారం పొద్దున మేనేజరు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, దండాలు బాగానే వచ్చినయ్ గానీ, మనిషి ఒక్కడు కూడా ఫోన్ చెయ్యలేదేంటండీ? రేపే కదా!"

కనుక్కుని చెబుతానన్నాను. కళ్ళజోడు పెట్టుకుని గ్రూపులో ఉన్నవాళ్ళ పేర్లు మొదటి నుంచి చివరిదాకా చూశాను. తహసీల్దారున్నాడు, హెడ్మాస్టర్లున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు, రిటైరైనవాళ్ళు లెక్కలేనంతమంది ఉన్నారు. అందరికీ హోదా ఉంది. ఉద్యోగం అవసరమున్న మనిషి ఒక్కరూ లేరు. వాళ్ళందర్నీ ఒక సాయంత్రం టీ తాగుతూ నేనే తీసేశాను.

ఆ అమ్మాయికి ఫోన్ చేస్తే మోగిందిగానీ ఎత్తలేదు. కొట్లో పనివేళల్లో ఫోన్లు సొరుగులో పెట్టిస్తారని అంతకుముందు విన్నాను. చొక్కా మార్చుకుని నందిగామ బస్సెక్కాను.

కొట్లో అడుగుపెట్టగానే ఆ అమ్మాయి నన్ను చూసి, ఏమీ అడక్కుండానే స్టూలెక్కి శాలువాల పెట్టె దించింది.

"ఈసారి ఎన్ని కావాలండీ?"

శాలువాలు కాదని, ల్యాబు ఉద్యోగమని, రేపే వెళ్ళాలని గబగబా చెప్పాను. ఆ అమ్మాయి చేతిలో పెట్టె అట్లాగే ఉంది.

"రేపాండీ?"

ముప్పై ఏళ్ళ అలవాటు కదా, నోరు ఊరుకోలేదు. "గ్రూపులో సోమవారమే పెట్టారమ్మా. చూసుకోవద్దూ?" అన్నాను.

"నన్ను తీసేశారు గదండీ" అంది మెల్లిగా.

సాంకేతిక కారణాల వల్ల అని ఏదో మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాను. అది అబద్ధమని ఆ అమ్మాయికి తెలుసు, నాకూ తెలుసు. హోదా ఎందుకు రాయలేదమ్మా అని మాత్రం అడిగాను.

"ఏం రాయనండీ? శాలువాలు మడతపెడతానని రాయనా? అవి కప్పించుకున్నోళ్ళే ఉన్నారు గదండీ గ్రూపు నిండా."

నాకు సిగ్గేసింది. ఈ ముక్క తిప్పి రాయడం నాకు చేతకాదు. డిగ్రీ అయ్యాక నేనూ నాలుగేళ్ళు ఖాళీగా ఉన్నాను. నందిగామ బస్టాండులో పాత క్లాస్‌మేట్లు కనిపిస్తే పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాణ్ణి, అది నిన్నటి పేపరైనా సరే. "ఇప్పుడేం చేస్తున్నావురా?" అనే ప్రశ్నకి భయపడి ఎన్ని బస్సులు వదిలేశానో. ఉద్యోగం వచ్చాక అదంతా మర్చిపోయాను. మర్చిపోయి, ఆ ప్రశ్ననే తీసుకెళ్ళి నియమావళిలో మొదటి అంశంగా పెట్టాను.

కొట్టు యజమాని దగ్గరికి వెళ్ళి ఒకరోజు సెలవు అడిగాను. పెళ్ళిళ్ళ సీజనని గొణిగాడుగానీ, శాలువాల ఖాతాదారుణ్ణి కాబట్టి కాదనలేకపోయాడు. మేం కొన్న శాలువాలు ఒకరికి పనికొచ్చింది ఆ ఒక్క రోజే. ఆ అమ్మాయి సొరుగులోంచి ఫోను తీసుకుని చకచకా ఏదో టైప్ చేసింది. వాళ్ళ నాన్నకి చెబుతోందనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం మేనేజరు ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం.

"మాస్టారూ, పదకొండు మంది వచ్చారండీ! ఇద్దర్ని తీసుకున్నాం. భలే కదిలించారు మీరు."

నేను చెప్పింది ఒక్కరికి. పదకొండు మంది ఎక్కణ్ణుంచి వచ్చారో అర్థం కాక ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"మావాళ్ళిద్దరికి వచ్చిందండీ!" అంది హుషారుగా.

"నీకో?"

"నాకు రాలేదండీ. బ్యూరెట్ గొట్టం ఇచ్చి పరీక్ష చేసి చూపించమన్నారు. రెండేళ్ళయింది గదా, కొలత తప్పిపోయింది. సోమవారం తెలిసుంటే పుస్తకం ఒకసారి తిరగేసేదాన్ని" అని, వెంటనే "పర్లేదులెండి" అంది.

అందులో నింద ఏమీ లేదు. అందుకే ఎక్కువ తగిలింది. మిగతావాళ్ళు ఎవరమ్మా అని అడిగాను.

"మీరు తీసేసినోళ్ళమేనండీ. మేం వేరే గ్రూపు పెట్టుకున్నాం. నిన్న మీరు చెప్పంగానే అందులో పెట్టా."

"ఉన్నవి రెండు ఉద్యోగాలైతే, అందరికీ చెప్పుకుంటారా ఎవరైనా? నీకు నువ్వే పోటీ తెచ్చుకున్నావు గదమ్మా!"

"చెప్పకుండా ఎట్టాగండీ?"

నన్ను కూడా ఆ గ్రూపులో చేర్చుకుంటారా అని అడిగాను. అందర్నీ అడిగి చెబుతానంది. మూడు రోజులు ఎదురుచూశాను. గ్రూపులో చేరడానికి అంత నిరీక్షణ ఉంటుందని నాకు అదే మొదటిసారి తెలియడం.

చేర్చుకున్నారు. వాళ్ళకీ ఒక నియమం ఉంది. పేరు, బ్యాచ్, ఏం చేసిపెట్టగలరు. పేరు రాశాను, బ్యాచ్ రాశాను. మూడోదాని దగ్గర, విశ్రాంత ఉపన్యాసకులు అని వేలు దానంతటదే మొదలుపెట్టింది. చెరిపేశాను. మార్గదర్శకత్వం అని రాసి, అదీ చెరిపేశాను. చివరికి, నేను నిజంగా చేసిన పని ఒక్కటే కనిపించింది. "బస్సెక్కి వచ్చి చెప్పగలను" అని రాశాను.

ఎవరూ దండం పెట్టలేదు. కాసేపటికి ఆ అమ్మాయి రాసింది: "కంచికచర్ల దగ్గర నీళ్ళు పరీక్ష చేసే ల్యాబు పెడుతున్నారంటండీ. మాకు సెలవు దొరకదు. కనుక్కుని రండి."

మర్నాడు వెళ్ళాను. ఎండలో ముగ్గురిని అడిగి ఆ చోటు పట్టుకున్నాను. నిజమే, మనుషుల్ని తీసుకుంటున్నారు, శుక్రవారం రమ్మన్నారు. గ్రూపులో పెట్టేశాను. కానీ ఆ అమ్మాయి ఫోను సొరుగులో ఉంటుంది కదా, ఇంటికెళ్ళే బస్సు నందిగామలో దిగిపోయి కొట్లోకి నడిచాను. నన్ను చూడగానే అలవాటుగా స్టూలెక్కబోయింది.

"అది కాదమ్మా, పుస్తకం తియ్యి. ఇంకా నాలుగు రోజులుంది" అన్నాను.