కాశీలో వదిలిన కోపం

కాశీకి వెళ్లినవాళ్లు తమకిష్టమైన కూరో పండో అక్కడ వదిలేసి రావాలి. రాయపూర్ రైల్వే క్వార్టర్లలో మా తెలుగువాళ్లకు పాసు ఉచితం, భక్తి అపారం. పక్కింటి గుమాస్తాగారు కాకరకాయ వదిలి వచ్చారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన కాకరకాయ ముట్టిందే లేదు. మా నాన్న అలాంటి మనిషి కాదు. ఆయన ఏకంగా కోపాన్నే వదిలారు. తిరిగొచ్చిన రోజే "గుస్సా ఛోడ్ దియా భాయ్" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నారు.

అందరూ మెచ్చుకున్నారు. మునిగింది మేము. నాన్న మంచితనమంతా ఆయన కోపం వెనకాలే వచ్చేది. ఏదైనా అడిగితే ఇంటి కప్పు లేచిపోయేలా అరిచేవారు. సాయంత్రానికి సిగ్గుపడి, అడిగినదానికన్నా ఎక్కువే ఇచ్చేవారు. నన్ను హైస్కూల్లో చేర్చిందీ, అమ్మకు కుట్టుమిషను వచ్చిందీ అలాగే.

ఆ వేసవిలో నేను మెట్రిక్ పాసయ్యాను. నాగపూర్ హాస్టల్లో ఉండి కాలేజీలో చదువుకుంటానని అడిగి, తిట్లకోసం చెవులప్పగించి నిలబడ్డాను. నాన్న చిరునవ్వు నవ్వారు.

"దేఖో తల్లీ, ఆడపిల్లకి అంత దూరం చదువెందుకు. ఇది ఆలోచించి చెప్తన్న మాట, కోపంతో కాదు."

అరవలేదు గనక సాయంత్రం సిగ్గుపడే పనీ లేదు. నేను ఏడిస్తే శాంతం గురించి ఉపన్యాసమిచ్చారు. కోపిష్ఠి నాన్న మీద నాకెన్నడూ లేనంత అసహ్యం ఈ మంచి నాన్న మీద కలిగింది.

కాలేజీలో చేరే గడువు రేపనగా, మధ్యాహ్నం వడ్డిస్తున్న అమ్మ గరిటె గిన్నెలో పడేసింది.

"మీరు కోపం ఒదిలీసినారు కదా. కాశీలో నేనూ ఒకటి ఒదిలీసినాను."

"ఏటది?"

"ఓర్పు."

నిజానికి అమ్మ వదిలింది పొట్లకాయ. గంగ ఒడ్డున నేను పక్కనే ఉన్నాను. కానీ ఆ తర్వాత ఆమె నోరు విప్పిన తీరు చూస్తే నాకే అనుమానం వచ్చింది. పెళ్లయిన నాటినుంచి మింగినవన్నీ ఒక్కొక్కటే తీసి ఆయన విస్తట్లో వేసింది. "పిల్ల నాగపూరు ఎల్తాది" అని ముగించింది. ఎదురు అరుద్దామంటే నాన్నకు వ్రతం అడ్డం. ఊరంతా చాటుకున్నారాయె.

"సరే, నేనే బండెక్కిస్తాను" అన్నారు.

సాయంత్రానికి అమ్మకు సిగ్గేసింది. పప్పు రుబ్బి, ఆయనకిష్టమైన గారెలు వండిపెట్టింది. నాన్న నాలుగు తిని, ఇంకోటి అందుకుంటూ, ఎంతో శాంతంగా అడిగారు.

"రేపు కూడా తిడతావేటి?"