పక్కన నిలబడ్డవాళ్ళు

నిన్న పోస్టులో, అభిప్రాయం రాసి పంపమంటూ ఒక థీసిస్ వచ్చింది. గ్రీకు విషాద నాటకాలకు పండితులు ఇన్నేళ్ళుగా చెప్పుకొచ్చిన అర్థాల మీద ఎవరో కష్టపడి రాసినది. రిటైరయ్యాక కూడా యూనివర్సిటీ వాళ్ళు నన్ను గుర్తుపెట్టుకున్నందుకు కాస్త పొంగిపోయి, అరకులో మా ఇంటి వరండాలో కూర్చుని తిరగేశాను. నాయకుడి పతనానికి అతని తప్పే కారణమనేవాళ్ళకు ఒక అధ్యాయం, దేవతలే కారణమనేవాళ్ళకు ఇంకొకటి, ఇదంతా పాతకాలపు బలితంతు నుంచి పుట్టిందనేవాళ్ళకు మరొకటి. నాలుగోది కోరస్ గురించి. కోరస్ అంటే నాటకంలో ఒక పక్కన నిలబడి, జరిగేదంతా చూస్తూ పాడే ఊరిపెద్దల గుంపు. అక్కడ ఆగిపోయాను.

ఏజెన్సీ కాలేజీలో ఇంగ్లిషు చెప్పిన రోజుల్లో నాది 'నాయకుడి తప్పే కారణం' అనే సిద్ధాంతం. దానికి పసుపురంగుకు తిరిగిన నోట్సు ఒకటి ఉండేది. ఏ పేజీలో ఏ జోకు వస్తుందో పిల్లలకు ముందే తెలుసు. నా మర్యాద కోసం నవ్వేవారు. పెదబయలు పైనున్న కొండ ఊరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి మాత్రం నవ్వేది కాదు. ఒకరోజు, నాటకంలో రాజు పతనం గురించి చెబుతుంటే లేచి, "తప్పు ఆ రాజొక్కడిదేనా సార్? ఆ ముసలోళ్ళకి ముందే తెలుసు కదా. ఆళ్ళేటి సేసేరు?" అని అడిగింది. కోరస్ పని వ్యాఖ్యానించడమే, కథలో కలగజేసుకోవడం కాదన్నాను. మార్కులు కావాలంటే నోట్సులో ఉన్నదే రాయమన్నాను.

ఆ వానాకాలం వాళ్ళక్కకు నెలలు నిండాయి. ఒక పొద్దున ఏడున్నరకు ఆ అమ్మాయి ఫోను చేసింది. సిగ్నల్ కోసం కొండ అంచుకెక్కి మాట్లాడుతోంది. గాలి హోరులో సగమే వినబడింది.

"అక్కకి నొప్పులు సార్. డోలీ కట్టి దింపేత్తన్నారు. అంబులెన్సు ఘాట్లో ఉండిపోయిందంట. కాలేజీ జీపు గెడ్డ కాడికి బేగి పంపండి సార్."

అప్పట్లో ప్రిన్సిపాల్ బాధ్యత కూడా నాదే. డ్రైవరు గేటు దగ్గరే ఉన్నాడు. వెళ్ళమంటే వెళ్ళేవాడు. కానీ పై ఆఫీసు అనుమతి లేకుండా జీపు తీస్తే సంజాయిషీ ఇచ్చుకోవాలని నాకు భయం. ఫోన్లు చేశాను. పెద్దాయన మీటింగులో ఉన్నారన్నారు. పాపం, ఆ పిల్ల ఎంత అవస్థ పడుతోందో అని స్టాఫ్‌రూములో అందరితో అన్నాను. అందరూ అయ్యో అన్నారు. టీ తాగాం. అనుమతి వచ్చి, జీపు ఆ వాగు దగ్గరకు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. అప్పటికే వాళ్ళక్క గట్టుమీద, తడిసిన దుప్పటిలో ప్రాణం వదిలింది. బిడ్డ బతికింది.

మూడోరోజు, పోయినామె కోసం వాళ్ళింట్లో పెట్టిన ప్రార్థనకు వెళ్ళాను. ఆ అమ్మాయి బిడ్డను ఒళ్ళో వేసుకుని గోడవారన కూర్చుంది. ఏం మాట్లాడాలో తోచక, అంతా విధి అమ్మా అన్నాను.

"విధి కాదు సార్. మీరు పొద్దున్నే ఇన్నారు," అంది.

గొంతులో కోపం కూడా లేదు.

ఇంటర్నల్ పరీక్షకు మాత్రం వచ్చింది. ఆ ప్రశ్నే పడింది. ఆమె పేపరు నేనే దిద్దాను. అక్షరం పొల్లుపోకుండా నా నోట్సే రాసింది. పతనానికి కారణం నాయకుడి తప్పు. కోరస్ మాట ఎక్కడా లేదు. పూర్తి మార్కులు వేశాను. వేయకపోతే ఎందుకు వేయలేదో చెప్పాలి కదా. తర్వాత ఆమె చదువు మానేసి, బిడ్డను పెంచడానికి కొండమీది ఊరికి వెళ్ళిపోయింది. ఆ పాప ఇప్పుడు హైస్కూల్లో చదువుతోందని విన్నాను. వెళ్ళి చూసే ధైర్యం నాకు లేదు.

థీసిస్ మీద అభిప్రాయం ఈ నెలాఖరుకల్లా పంపాలి. ఉద్యోగం అయిపోయింది, చూపు మందగించింది, నాతో ఆ రోజు టీ తాగినవాళ్ళలో ఇద్దరు పోయారు కూడా. ఆ పొద్దున ఏడున్నరకూ మధ్యాహ్నం రెండింటికీ నడుమ ఉన్న కాలం మాత్రం నాకింకా గడవలేదు.