అత్త మెడ కొలిచిన దారం

జర దగ్గరికి జరిగి కూసోండ్రి. దూరం కూసుంటే సగమే వినవడ్తది, సగం వింటే తప్పు మనిషిని అనుమానిస్తరు, నేను చేసినట్టు.

మొన్న నా బిడ్డ బిడ్డ, తొమ్మిదో తరగతిది, గడపల కూసోని పరీక్షకు చదువుతుండె. మన పెయ్యిల కంటికి కనవడనంత చిన్న కణాలుంటయట. ఒక్క కణం రెండు గావాల్నంటే ముందుగాల లోపలి దారానికి నకలు తీసుకోవాల్నట. నడుమ నడుమ ఆగి, నకలు సక్కగ వచ్చిందా లేదా అని సూసుకుంటదట, రాకుంటే ముంగటికి పోనియ్యదట. నేను చాటల బియ్యం ఏరుతున్నదాన్ని చెయ్యి ఆపిన. పెయ్యిల గూడ ఓ అత్త ఉంటదన్నట్టు అన్న. పిల్ల పడి పడి నవ్వింది. నాకు మాత్రం మా అత్త పెట్టెల దొరికిన దారం యాదికొచ్చింది.

గప్పుడు ఇబ్రహీంపట్నం చుట్టు భూములు అమ్ముడువోతున్న కాలం. పొద్దున లేస్తే నిన్నటి జొన్నచేన్ల తెల్లరాళ్ళు పాతి ఉండేటియి. తెల్ల అంగీలోళ్ళు మోటర్ సైకిళ్ళ మీద వచ్చి నీళ్ళడిగి, తాగుకుంట తాగుకుంట మీ చెల్క ఎన్నెకరాలని అడిగెటోళ్ళు. మనిషికి నీళ్ళిచ్చుడు గూడ భయమైపాయె. మాకు ఆదిభట్ల తొవ్వకు మూడెకరాల చెల్క, అది మా అత్త పేరు మీద ఉండె. మామ ఎన్నడో కాలం చేసిండు. ఇంట్ల అత్త, నేను, నా పెనిమిటి, ఇంటర్ చదివే నా బిడ్డ. ఆడబిడ్డను మన్నెగూడల ఇచ్చినం.

మా అత్త గట్టి మనిషి. జనుముతోని తాడు పేనిందంటే ఎడ్లు గుంజినా తెగకపోయేది. పేనినంక కొస దాక వేలితోని నిమురుకుంట పోయేది, ఒక్క పేట వదులున్నా పురి విప్పి మళ్ళ పేనేది. నేను కడిగిన గిన్నెల మీద గూడ ఆ వేలు నడిచేది, గది వేరే కథ. గసొంటి మనిషి ఆ ఎండకాలం మారిపోయింది. ఉడుకపోతల గూడ కొంగు మెడ సుట్టు చుట్టుకొని తిరుగుడు. తానం చేసేటప్పుడు వీపు రుద్దనియ్యకపాయె. బేస్తారం వచ్చిందంటే ఎవ్వరికి చెప్పకుండ మన్నెగూడ బస్సెక్కుడు. ఆడబిడ్డను అడిగితే, అమ్మ మా ఇంటికి రానే రాలేదన్నది. గది అబద్ధమనుకున్న.

ఓ దినం పెట్టె తెరిచిన. బట్టలు ఎండకేద్దామని తెరిచిన్నంటే మీరు నమ్మరు, వెతకనీకే తెరిచిన. వక్కల సంచిల తెల్లదారం. జానెన్నర దాక సాపుగ ఉన్నది, ఆడికెల్లి అయిదు ముడులు. మొదటి మూడు ఆనుకొని ఉన్నయి, తర్వాత రెండు ఎడమెడంగ. మా దిక్కు తాడుకు ముడులేసి చెల్క కొలుస్తరు. నాకు చదువు లేకున్నా లెక్క వస్తది గద. దగ్గరి ముడులు మా వాటా, ఎడం ముడులు ఆడబిడ్డ వాటా. ముసల్ది చాటుకు చెల్క పంచుతున్నదని నా పెనిమిటికి చెప్పిన. ఆయన ఆ రాత్రి కంచం కాడనే అడిగిండు, ఎవరికి రాసిస్తున్నవే అమ్మా అని. అత్త తల ఎత్తకుండ, "బువ్వ తిను" అన్నది. ఆయన కంచం జరిపి లేచిండు. గా నాటికెల్లి తల్లీకొడుకులకు మాటల్లేవు. నేను మాత్రం పెట్టె ఇడువలే. వారానికో ముడి పెరుగుతుంది, ముడికీ ముడికీ సందు గూడ పెరుగుతుంది. ఆడబిడ్డ వాటా పెరిగిందని వారం వారం ఆయనకు చెవుల వేసుడు నా పనైంది.

ముడులు ఎనిమిదైనంక, తొమ్మిదో బేస్తారం నేను గూడ నెత్తిన కొంగేసుకొని అదే బస్సు ఎన్క ఎక్కిన. మన్నెగూడ చౌరస్తల అత్త దిగింది, నేనూ దిగిన. దుకాణాల ఎన్క రంగు జెండాలు కట్టిన ప్లాట్ల ఆఫీసు ఉండె. పో, లోపలికి పో, ఇయ్యాల్ల దొరికినవ్ అనుకున్న. ఆమె ఆ తలుపు దిక్కు సూడనన్న సూడకుండ పక్క రేకుల కొట్టంలకు పోయింది. ఆడ పసరు మందు ఇచ్చే ముసలాయన ఆకు నూరుతున్నడు. అత్త కొంగు ఇప్పింది. మెడ ముంగట నిమ్మకాయంత గడ్డ. గా దారాన్నే మెడ సుట్టు తిప్పి రెండు కొసలు కలుపుదామని సూస్తుంది, చేతులందక కలుస్తలేవు. నన్ను సూసింది. ఉలిక్కిపడలే.

"వచ్చినవా? అయితే గీ కొస వట్టు. నాకు అందుతలేదు."

పట్టిన. పోయిన వారం ముడి దాటి వేలి మందం ఎక్కువ గావాల్సొచ్చింది, ఆడ తొమ్మిదో ముడి పడ్డది. ఎందుకు చెప్పలేదత్తా అని అడిగిన.

"చెప్తే దవాఖాన అని చెల్క అమ్ముతరు. ఆ అంగీలోళ్ళు గందుకే కాసుకొని ఉన్నరు. నన్ను దొంగనుకుంటె అనుకోండ్రి, చెల్క ఉంటది."

"చెల్క ఉంటది, నువ్వుండవు" అన్న. గదొక్కటే ఆమె నా మాట విన్న దినం.

తెల్లారి హైదరాబాద్ దవాఖానకు తీస్కపోయినం. డాక్టరమ్మ ఆ దారం బల్ల మీద సాపుగ పరిచి, ఏ ముడి ఏ వారందో అడిగి అడిగి రాసుకున్నది. గడ్డల ముక్క తీసి పరీక్షకు పంపిన్రు. ఏం తేలుతదో అని వరండల కూసున్ననాడు, మా సంచికి కట్టిన అత్త పేనిన తాడు ఇప్పి నా బిడ్డ నానమ్మకు చెప్పింది. కణం లోపలి దారం గూడ గిట్లనే రెండు పేటలది. నకలు తీసేటప్పుడు పురి ఇడుస్తది, ఒక్కో పాత పేట పక్కన దానికి జోడైన కొత్త పేట అల్లుకుంటది, ఒక తాడు రెండు తాళ్ళయితయి, ఒక్కోదాంట్ల సగం పాత, సగం కొత్త. తప్పు పడితే దిద్దేటియి ఉంటయి. దిద్దరాకుంటే ఆ కణాన్ని ఆడనే ఆపేటియి ఉంటయి. ఆ ఆపేటియే చెడితే, వద్దన్నా రెండయి, నాలుగయి, గడ్డ కడ్తది.

అత్త తాడు మీద వేలు నడిపింది. "అంటే పేనేటోడు తప్పు చేసిండు, సూసెటోడు పండుకున్నడు" అన్నది. ఆనెంక నా దిక్కు, నా పెనిమిటి దిక్కు సూసింది. "మనింట్ల సూసెటోళ్ళు పండుకోలే. కాపలా గాసిన్రు, నా పెట్టె కాడ."

నా పెనిమిటి లేచి గోడ దిక్కు తిరిగిండు. నెల దాటినంక ఆయన నోట్లెకెల్లి "అమ్మా" అని వచ్చుడు గప్పుడే.

చెడ్డ గడ్డనే అని తేలింది. మెడ దాటలేదు గనక కోసి తీసిన్రు. ఎకరం అమ్మినం, వారం రోజులు అత్త మాతోని పలుకలే. ఇంకో పన్నెండేండ్లు బతికింది. పొద్దుగాల లేస్తే మెడ మీది కుట్ల గీత వెంట, తాడు మీద నడిపినట్టే వేలు నడిపేది, ఎక్కడన్న వదులున్నదా అని. దారం ఇప్పుడు నా పెట్టెల ఉన్నది. పిల్ల దాన్ని సూసి ముడులు ఇప్పుత అన్నది, ఇప్పనియ్యలే. మేము సక్కగ అడగక వేయించిన ముడులు అందుల తొమ్మిది ఉన్నయి. పేనింది తప్పయితే ఇప్పి మళ్ళ పేనొచ్చు, గడిచిన వారానికి పురి తిరిగి ఇడువదు.

మీ ఇంట్ల ఎవ్వరు మెడ దాసుకొని తిరిగే దినం రావద్దు. వచ్చినా, కొస పట్టనీకె ఓ చెయ్యి పక్కన్నే ఉండాలె. మీ ఇల్లు సల్లగుండ.